పాల చీటీలో మాయమైన రెండో అంకె: పర్లాకిమిడి సరిహద్దు నుంచి ఒక కేస్ స్టడీ

ఫిర్యాదు ఇది: ‘టీ గ్లాసుడు పాలు ఎక్కువ పోసినా చీటీలో డబ్బు మారడం లేదు.’ అర్జీ ఒడియాలో ఉంది, కింద సంతకాలు తెలుగులో ఉన్నాయి. గజపతి జిల్లాలో పర్లాకిమిడి దాటి పాతపట్నం వైపు వెళ్తుంటే వచ్చే పల్లెల్లో ఒకచోట ఉన్న పాల సేకరణ కేంద్రం గొడవ అది. సభ్యులు దాదాపు అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పాత రిజిస్టర్లు ఒడియా అంకెల్లో, యంత్రం ఇచ్చే చీటీ ఇంగ్లీషు అంకెల్లో, పెద్దవాళ్ల నోటి లెక్క తెలుగులో నడుస్తాయి. ఈ మూడింటికీ పొంతన కుదర్చడం, పద్దులు సరిచూడటం నా వృత్తి. కేంద్రం పేరు చెప్పడం లేదు. ధరలు, సభ్యుల సంఖ్య కూడా లెక్క సులువుగా ఉండేలా గుండ్రని అంకెలకు మార్చాను. జరిగిన లెక్క తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది.

నన్ను పిలిచేనాటికే ఊళ్లో తీర్పు అయిపోయింది. పాల సంఘం కార్యదర్శి డబ్బు తింటున్నాడన్నారు. అందుకు ఆధారమూ చూపించారు. శీతలీకరణ కేంద్రానికి వెళ్లే పాలు రోజూ చీటీల మొత్తం కంటే ఎక్కువ తూగుతున్నాయి. పోసినవాళ్ల లెక్కలో లేని పాలు క్యానుల్లోకి ఎలా వచ్చాయి? నీళ్లు కలిపితే ఫ్యాట్, అంటే పాలలోని కొవ్వు శాతం, పడిపోవాలి, అదీ పడలేదు. అంటే సభ్యుల పాలే సభ్యులకు లెక్కలోకి రావడం లేదు. ఇంతవరకు ఊరివాళ్ల తర్కంలో తప్పు లేదు. ఆ తర్వాత వేసిన అడుగే తొందరపాటు.

దొంగతనాన్నీ లెక్క లోపాన్నీ విడదీయడానికి నేను ముందు చూసేది తేడా దేనితో పాటు పెరుగుతోంది అన్నది. కాటాలో మోసం ఉంటే తేడా పాల పరిమాణంతో పాటు పెరుగుతుంది. తొమ్మిది లీటర్లు పోసినవాడు లీటరున్నర పోసినవాడి కంటే ఆరింతలు నష్టపోతాడు. దశాంశాలను కోసేయడం వల్ల వచ్చే తేడా అలా ఉండదు. అది చీటీల సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఎంత పోశారన్నది దానికి పట్టదు. అందుకని రోజువారీ మిగులు లీటర్లను ఆ రోజు చీటీల సంఖ్యతో భాగించాను. పండగ రోజు పాలు ఇంట్లోనే వాడుకుని చీటీలు తగ్గినా, మామూలు రోజు నిండుగా ఉన్నా, భాగఫలం 0.03కూ 0.04కూ మధ్యే తిరిగింది. అంత నిలకడగా దొంగిలించే మనిషి ఉండడు. ఈ పని చేస్తున్నది యంత్రం.

దీన్ని నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరని కేంద్రంలోనే అందరి ముందూ ఒక పరీక్ష పెట్టాం. ఒకావిడ పాలు కాటా మీద పెట్టారు. కాటా లీటర్లలో చూపేలా అమర్చి ఉంది. తెర మీద 3.81 వచ్చింది. చీటీ కొట్టించాం: 3.8. ఆవిడ వెంట తెచ్చిన చిన్న గ్లాసుతో మరికొన్ని పాలు కలిపారు. తెర మీద 3.88 అయింది. మళ్లీ చీటీ కొట్టించాం. అదే 3.8. ఫ్యాట్ చూసే యంత్రానిదీ అదే వరస. దాని తెర మీద 6.41 ఉన్నా 6.48 ఉన్నా చీటీలో పడేది 6.4 మాత్రమే. ‘చూశారా బాబూ, నేను చెబితే ముసలిదానికి చాదస్తం అన్నారు’ అని ఆవిడ కార్యదర్శి వైపు కాక, ఆయన పక్కనే నిలబడ్డ సంఘం అధ్యక్షుడి వైపు చూసి అన్నారు.

జరిగిందేమిటంటే, కేంద్రానికి సాఫ్ట్‌వేర్ అమర్చినవాళ్లు ఒక దశాంశ స్థానమే కావాలని అడిగితే రెండో స్థానాన్ని రౌండ్ చేయకుండా చెరిపేశారు. రౌండ్ చేయడమంటే దగ్గరలో ఉన్న విలువకు సవరించడం. 3.88కి దగ్గరున్నది 3.9. దాన్ని 3.8గా రాయడం కోత. బడిలో నేర్పే నియమం ఇంతే: ఏ స్థానం వరకు ఉంచాలో చూసి, దాని వెంటనే కుడివైపున్న ఒక్క అంకెను చూడాలి. అది 4 లేదా అంతకంటే తక్కువైతే ఉన్నదాన్ని అలాగే ఉంచాలి, 5 లేదా అంతకంటే ఎక్కువైతే ఒకటి కలపాలి. కోత వేసేటప్పుడు ఆ అంకెను చూడనే చూడరు. అందుకే రౌండ్ చేస్తే తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు పడి చాలావరకు సరిపోతుంది. కోస్తే ప్రతిసారీ ఒక్కవైపే పడుతుంది.

ఎంత పడుతుందో లెక్కగట్టవచ్చు. రెండో దశాంశ స్థానంలో 0 నుంచి 9 వరకు ఏ అంకైనా సమానంగా వస్తుందనుకుంటే, కోసేసిన భాగం సగటున 0.045. అంటే చీటీకి 45 మిల్లీలీటర్లు. రోజుకు రెండు పూటలా కలిపి 200 చీటీలంటే 9 లీటర్లు. పరీక్ష కోసం తీసే నమూనా, ఒలికిపోయేది మినహాయిస్తే పైన చెప్పిన 0.03, 0.04 ఎక్కడివో తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. ధరల చార్టులో ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) కూడా ఉంటుంది, దాన్ని ఇక్కడ వదిలేస్తాను. లీటరుకు, ఒక్కో ఫ్యాట్ శాతానికి 7 రూపాయల 60 పైసలు అనుకుందాం. ఒకరు 3.86 లీటర్లు పోశారు, ఫ్యాట్ 6.48. రావలసింది 3.86ని 6.48తో, ఆపైన 7.60తో గుణిస్తే 190 రూపాయల 10 పైసలు. కేంద్రం కట్టిన లెక్క 3.8, 6.4, 7.60 గుణిస్తే 184.83. ఆఖర్న పైసలు కూడా కోసి 184. ఒక్క పూటకే ఆరు రూపాయల పైచిలుకు పోయింది. వెనకాల నిలబడ్డ ఆవిడ 3.81 లీటర్లు, 6.41 ఫ్యాట్ తెచ్చారు. ఆవిడకు న్యాయంగా 185.61 రావాలి, ఆవిడకూ 184 ఇచ్చారు. ఇద్దరికీ నాలుగున్నర రూపాయల తేడా ఉండాల్సిన చోట చీటీలు అచ్చుగుద్దినట్టు ఒక్కటే. అర్జీలోని ఆ ఒక్క వాక్యానికి మూలం ఇదే.

అంకెలు ఇలా ప్రతిసారీ ఇంత ఘోరంగా కలిసిరావు. సగటు చూస్తే, 6.4 ఫ్యాట్ పాలలో పరిమాణం కోత వల్ల చీటీకి సుమారు 2 రూపాయల 20 పైసలు, ఆఖరి పైసల కోత వల్ల దాదాపు 50 పైసలు పోతాయి. ఈ రెండూ ఎంత పోసినా అంతే. ఫ్యాట్ కోత మాత్రం పాలను బట్టి ఉంటుంది. లీటరున్నర పోసేవారికి అది 50 పైసలు, తొమ్మిది లీటర్లు పోసేవారికి 3 రూపాయలు. అన్నీ కలిపితే లీటరున్నర ఇంటికి 73 రూపాయల పాలలో 3.20 పోతోంది, అంటే నూటికి నాలుగు రూపాయల పైన. తొమ్మిది లీటర్ల ఇంటికి 438 రూపాయలలో 5.80 వరకు, నూటికి రూపాయి ముప్పై పైసలు. ఒక్క గేదె ఉన్న ఇంటి మీదే దెబ్బ గట్టిగా పడింది. అర్జీ మీద సంతకాలు చేసినవాళ్లలో పెద్ద పాడి ఉన్నవాళ్లు ఎందుకు తక్కువో నాకు అప్పుడు అర్థమైంది.

అంకెలు చదవడంలోని చిక్కులు

అసలు పనిలోకి వెళ్లేముందు పాత చేతిరాత రిజిస్టరు కొంత తిరగేశాను. కోత ఒక్కటే అయితే దాన్ని సరిచేసి వెళ్లిపోవచ్చు. ఆ రిజిస్టరులో ఇంకో రకం తప్పులు ఉన్నాయి. అవి మనుషులు చేసేవి, ఏ బడిలోనైనా కనిపించేవి.

మొదటిది, దశాంశ బిందువు తర్వాతి భాగాన్ని విడి సంఖ్యగా చదవడం. 6.12ని ఆరు పాయింట్ పన్నెండు అని, 6.4ని ఆరు పాయింట్ నాలుగు అని చదువుతారు. పన్నెండు నాలుగు కంటే పెద్దది కనుక 6.12 ఎక్కువ ఫ్యాట్ అనుకుంటారు. ఈ విషయంలో ఒకరిద్దరు సభ్యులు టెస్టర్ అబ్బాయితో పోట్లాడారు కూడా. రెండింటికీ సమానంగా స్థానాలు రాసి, 6.12 పక్కన 6.40 పెట్టి చూపిస్తే గొడవ అక్కడికక్కడే చల్లారింది. ఆరు పాయింట్ ఒకటి రెండు అని అంకెలను విడివిడిగా పలకడం అలవాటు చేస్తే ఈ గొడవ పుట్టదు.

రెండోది బిందువు తర్వాత సున్నాను వదిలేయడం. మూడు రూపాయల ఎనిమిది పైసలను 3.8 అని రాస్తే అది మూడు రూపాయల ఎనభై పైసలు అయిపోతుంది. రిజిస్టరులో బిందువు బదులు అడ్డగీత పెట్టి 3-8 అని రాసిన చోట్ల అది పైసలో పదో వంతో ఇప్పుడు దేవుడికే తెలియాలి.

మూడోది నాకు బాగా ఇష్టమైన తప్పు. 7.96ని ఒక దశాంశ స్థానానికి రౌండ్ చేయాలి. తర్వాతి అంకె 6, కాబట్టి 9కి ఒకటి కలపాలి. కలిపితే పది. పాత టెస్టర్ నిజాయితీగా 7.10 అని రాశాడు! పది నిండితే ఒకటి ఎడమ పక్కకు వెళ్లాలి, కాబట్టి రావలసింది 8.0. ఆ సున్నాను కూడా వదలకూడదు. 8 అని రాస్తే దగ్గరి పూర్ణాంకానికి చూశారని అర్థం వస్తుంది, 8.0 అంటే పదో వంతు వరకు చూసి రాశారని. 7.10 రాసిన పూట ఆ ఇంటికి దాదాపు ఒక పాయింటు ఫ్యాట్ పోయింది. కోత వల్ల ఒక్కో చీటీకి జరిగిన నష్టం దీని ముందు చిన్నదే.

మొదటి మరమ్మతు, దాంతో వచ్చిన కొత్త గొడవ

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోను చేస్తే వాళ్లు వెంటనే ఒప్పుకుని, కోతను తీసేసి ఒక దశాంశ స్థానానికి రౌండ్ పెట్టారు. సభ్యులు సంతోషించారు. నాకు మాత్రం అది చాలదనిపించింది, రెండు కారణాల వల్ల.

ఒకటి, అంచెలంచెలుగా రౌండ్ చేయడం. ఫ్యాట్ యంత్రం లోపల మూడు స్థానాలు ఉంచుకుంటుంది, తెర మీద రెండు చూపిస్తుంది, చీటీలో ఒకటి పడుతుంది. లోపల 6.447 ఉందనుకోండి. నేరుగా ఒక స్థానానికి తెస్తే తర్వాతి అంకె 4, కాబట్టి 6.4. కానీ తెర దాన్ని ముందు 6.45 చేసింది. చీటీ ఆ 6.45ను చూసి 6.5 చేసింది. రెండు అడుగులూ విడివిడిగా నియమం ప్రకారమే ఉన్నాయి, ఫలితం మాత్రం తప్పు. భారతీయ ప్రమాణాల సంస్థ సంఖ్యల సవరణకే ప్రత్యేకంగా పెట్టిన ప్రమాణం ఐఎస్ 2. దాని 1960 నాటి ప్రతిలోనే ఈ హెచ్చరిక ఉంది: సవరణ ఒకే అడుగులో చేయాలి, ఒకదాని మీద ఒకటి చేయకూడదు.

రెండోది 5 గొడవ. 3.85 సరిగ్గా 3.8కీ 3.9కీ మధ్యన ఉంది. రెంటికీ సమాన దూరం. బడి నియమం దాన్ని పైకి పంపుతుంది. 1, 2, 3, 4 కిందికి, 9, 8, 7, 6 పైకి వెళ్లి ఒకదానికొకటి సరిపోతాయి. 5కు మాత్రం జత లేదు. పది చీటీల్లో ఒకటి అలా ఉంటుందనుకుంటే, చీటీకి సగటున 0.005 లీటరు పైకి పోతుంది. 200 చీటీలకు రోజుకు ఒక లీటరు. నిన్నటిదాకా సభ్యులకు 9 లీటర్లు ఎగవేసిన కేంద్రం ఇప్పుడు రోజూ లేని లీటరుకు డబ్బు చెల్లిస్తుందన్నమాట. ఏడాదికి అది చిన్న సొమ్మేమీ కాదు.

దీనికి తెలిసిన మందు సరిసంఖ్య పద్ధతి. సరిగ్గా సగం వచ్చినప్పుడు మాత్రం, మిగిలే అంకె సరిసంఖ్య అయ్యేలా చూస్తారు. 3.85 అయితే 3.8, 3.75 అయినా 3.8. 6.45 అయితే 6.4, 6.55 అయితే 6.6. సగాలు సుమారు సగంసార్లు పైకి, సగంసార్లు కిందికి పోయి, లెక్క ఒకవైపే మొగ్గడం పోతుంది. ఐఎస్ 2 చెప్పేదీ ఇదే. ప్రయోగశాలలో, గణాంకాల్లో నేనూ దీన్నే వాడమంటాను. కానీ తెల్లవారుజామున పాల వరుసలో నిలబడ్డవారికి, ‘మీ 5 కిందికి, పక్కింటివారి 5 పైకి’ అని ఎవరు చెప్పగలరు? ఆ మాట అన్న మరుక్షణం మళ్లీ అర్జీ రాస్తారు. నియమం న్యాయంగా ఉంటే చాలదు, కాటా దగ్గర నిలబడి వివరించగలిగేదిగా కూడా ఉండాలి.

సగాన్ని ఎటు పంపాలన్నది ప్రకృతి నియమమేమీ కాదు, ఒప్పందం. సీజీఎస్టీ (కేంద్ర వస్తు సేవల పన్ను) చట్టం 2017లోని 170వ సెక్షన్ పన్నును దగ్గరి రూపాయికి సవరించమంటుంది. 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి, తక్కువైతే వదిలేయాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 288ఎ, 288బి సెక్షన్లు పదుల్లోకి సవరించమన్నాయి, చివరి అంకె 5 అయితే పైకి. ఇవి రెండూ సగాన్ని పైకే పంపాయి. కానీ 1957 ఏప్రిల్ 1న దేశం దశాంశ నాణేలకు మారినప్పుడు జరిగింది వేరు. రూపాయికి పదహారు అణాలు, కొత్త లెక్కలో నూరు నయా పైసలు. రెండు అణాలంటే పన్నెండున్నర నయా పైసలు, మార్పిడి పట్టికలో దానికి 12 పెట్టారు. అక్కడ సగం కిందికి పోయింది. ఈ సంగతి నేను చెప్పబోతుంటే సమావేశంలో ఒక పెద్దాయన అందుకుని, అణా ఇస్తే ఆరు పైసల సరుకే వచ్చేదని, ఆ పావు పైసా ఎవరి గల్లాలోకి పోయిందో ఇప్పటికీ లెక్క తేలలేదని అన్నారు.

నా సలహా వేరు. కాటా రెండు స్థానాలు ఇస్తున్నప్పుడు ఒక స్థానానికి కుదించవలసిన అవసరమే లేదు. 5 ఎటు పోవాలన్న గొడవ అక్కడ పెట్టుకోవడమే అనవసరం. ఎంత చివరి స్థానంలో సవరిస్తే 5 వల్ల వచ్చే మొగ్గు అంత చిన్నదవుతుంది. పైసల్లో ఉన్న మొత్తాన్ని రూపాయికి సవరిస్తే వందలో ఒక్క విలువే సరిగ్గా సగం, అంటే చీటీకి సగటున అర పైసా. 200 చీటీలకు ఒక రూపాయి. ఆ మొగ్గుతో ఎవరి ఇల్లూ కూలదు.

కంప్యూటరు చేసే చమత్కారం

ఈలోగా ఒక సభ్యుడి కొడుకు ఎక్సెల్‌లో సొంతంగా లెక్క కట్టి తెచ్చాడు. అది చీటీలతో ఒక్కోచోట పైసా తేడాగా వచ్చింది. కుర్రవాడు తెలివైనవాడే, కానీ గడుల్లో రెండు స్థానాలు కనిపించేలా అమర్చి, సవరణ అయిపోయిందనుకున్నాడు. గడిలో కనిపించేది వేషం మాత్రమే. వెనక 184.832 అలాగే ఉంటుంది, కూడితే అదే కూడుతుంది. 184.832 లాంటివి మూడు ఉంటే మొత్తం 554.496, కనిపించేది 554.50. కనిపించే మూడు 184.83లను చేత్తో కూడితే 554.49. తండ్రి చేత్తో కూడాడు, కొడుకు యంత్రంతో కూడాడు, ఇద్దరూ ఇంట్లో వాదించుకున్నారు. ప్రతి గడిలో రౌండ్ ఫంక్షన్ రాస్తే వాదన ఉండదు.

ఫంక్షన్ రాసినా ఇంకో తిరకాసు ఉంది. ఎక్సెల్‌లో 2.5ను పూర్ణాంకానికి రౌండ్ చేస్తే 3 వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రౌండ్ అనే ఆదేశం 2 ఇస్తుంది, ఎందుకంటే అది సరిసంఖ్య పద్ధతి పాటిస్తుంది.  రెండూ తమ తమ నియమాల ప్రకారం సరైనవే. ఆ నియమం ఏదో ఎక్కడా రాసిపెట్టకపోవడమే లోపం.

దీనికంటే లోతైన చిక్కు, కంప్యూటరు దశాంశాలను రెండు ఆధారంగా ఉన్న లెక్కలో దాచుకోవడం. మనకు మూడో వంతు 0.333 అంటూ ఎలా తెగదో, దానికి 0.1 అలా తెగదు. 2.675 అని మనం రాస్తే అది లోపల దాచుకునేది 2.67499999999999982 దగ్గర. దాన్ని రెండు స్థానాలకు రౌండ్ చేయమంటే పైథాన్ 2.67 ఇస్తుంది, 2.68 కాదు. యంత్రం అబద్ధం చెప్పలేదు. దాని దగ్గరున్న సంఖ్య నిజంగానే సగం కంటే తక్కువ. డబ్బు లెక్కల్లో దీన్ని తప్పించుకునే దారి పాతదే, సులువైనదే: దశాంశాలే వాడవద్దు. 3.86 లీటర్లను 386 అని, 6.48 ఫ్యాట్‌ను 648 అని, 7.60 ధరను 760 పైసలని పూర్ణాంకాలుగా ఉంచాలి. గుణిస్తే 19,00,97,280. పదివేలతో భాగిస్తే 19,009.728 పైసలు. అప్పుడు ఒక్కసారి సవరిస్తే 19,010 పైసలు. మధ్యలో ఎక్కడా ఏదీ జారిపోదు.

రద్దు చీటీల దగ్గర కూడా ఒక మాట. పొరపాటున పడిన 12.50 చీటీని సరిచేయడానికి మైనస్ 12.50 వేస్తారు. సగాన్ని ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపు పంపే నియమం అయితే 12.50 కాస్తా 13 అవుతుంది, మైనస్ 12.50 మాత్రం మైనస్ 12 అవుతుంది. రద్దయిన చీటీ ఖాతాలో రూపాయి మిగిల్చి పోతుంది. కాబట్టి మైనస్ గుర్తును పక్కన పెట్టి సవరించి, ఆ తర్వాత గుర్తు పెట్టాలి.

కోత వల్ల లెక్క ఎంత దూరం పోగలదో చూడాలంటే వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజి కథ చెబుతాను. 1982 జనవరిలో 1000 దగ్గర మొదలుపెట్టిన సూచీని ప్రతి లావాదేవీకీ తిరిగి లెక్కగట్టి, మూడు దశాంశాల తర్వాత ఉన్నది కోసేశారు. 1983 నవంబరు నాటికి అది 524.811కు దిగిపోయింది. మార్కెట్ ఏమీ కుప్పకూలలేదు. లెక్క సరిచేస్తే నిజ విలువ 1098.892. వెయ్యో వంతు కంటే చిన్నదాన్ని కోసిన కోతకు సగం సూచీ మాయమైంది. ఇది చెప్పాక కార్యదర్శిని చూసి నవ్వినవాళ్లు కొందరు నవ్వడం మానేశారు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

చీటీలో లీటర్లు, ఫ్యాట్ రెండూ కాటా, యంత్రం తెర మీద ఉన్నట్టే రెండు స్థానాలతో పడతాయి. పోసినవారు తెరను చూసి చీటీని సరిపోల్చుకోవచ్చు. మొత్తం పైసలకు సవరిస్తారు, సగం పైసా వస్తే పైకి. పది రోజుల బిల్లు ఆ చీటీల కూడిక మాత్రమే, దాని మీద మళ్లీ సవరణ లేదు.

చీటీ దగ్గర కూడా సవరించకుండా పది రోజుల చివర ఒక్కసారే చేయాలని గణితం తెలిసిన ఒక సభ్యుడు పట్టుబట్టాడు. శుద్ధంగా చూస్తే ఆయనదే సరైన మాట. కానీ అప్పుడు చీటీలు కూడితే బిల్లు రాదు. చదువు తక్కువైన మనిషి తన చేతిలోని కాగితాలు కూడి బిల్లును పట్టుకోగలగాలి. చీటీకి ఎక్కువలో ఎక్కువ తేడా అర పైసా, ఇరవై చీటీలకు పది పైసలు దాటదు. ఆ పది పైసలకు బదులుగా లెక్క అందరి కంటికీ కనబడుతుందంటే నాకు సమ్మతమే.

రూపాయిలకు సవరించే పాత అలవాటు చిల్లర కొరత వల్ల వచ్చింది. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెలామణి నుంచి పోయాయి. ఇప్పుడు డబ్బు బ్యాంకు ఖాతాలోకే వెళ్తోంది, అక్కడ పైసలకు అడ్డేమీ లేదు. అయినా అలవాటు మాత్రం యంత్రంలో మిగిలిపోయింది.

కార్యదర్శి ఒక అభ్యంతరం చెప్పారు, అది న్యాయమైనదే. నమూనా తీస్తాం, కొంత ఒలుకుతుంది, ఇన్నాళ్లూ ఆ నష్టం కోతలోనే సర్దుకుపోయింది, ఇకముందు ఎవరు భరించాలి? నిజంగా నష్టం ఉంటే దానికి ఒక పేరు, ఒక రేటు పెట్టి బిల్లులో విడి వరుసగా మినహాయించుకోవాలన్నాను. సర్వసభ్య సమావేశం అందుకు ఒప్పుకుంది. లీటరు లెక్కన మినహాయింపు కావడంతో లీటరున్నర ఇంటికి పడే భారం ఆ ఇంటి పాలకు తగినంతే.

బకాయి పంచడం

పాత నష్టం తిరిగి ఇవ్వడం కష్టమైంది. చీటీల్లో రెండో అంకె లేదు. యంత్రంలో పాత రీడింగులూ మిగల్లేదు. కోసేసిన అంకెను ఏ లెక్కా తిరిగి తేలేదు. మిగులు పాల మీద వచ్చిన సొమ్ము సంఘం ఖాతాలో ఉంది కాబట్టి దాన్ని పంచుదామన్నారు. దేని ప్రకారం? లీటర్ల ప్రకారమని పెద్ద పాడి ఉన్నవాళ్లు అన్నారు. పరిమాణం కోత చీటీకి ఇంత అని పడింది కాబట్టి చీటీల ప్రకారం పంచాలని నేను చెప్పాను. పైన రాసిన లీటరున్నర, తొమ్మిది లీటర్ల లెక్క బోర్డు మీద వేశాక వాదన ఎక్కువసేపు నడవలేదు.

ఆ పంపకంలో బడి నియమం పనికిరాని చోటు ఒకటి ఎదురైంది. రూపాయిల్లోనే పంచాలని తీర్మానించారు. నమూనాగా ముగ్గురినే తీసుకుంటాను. వెయ్యి రూపాయల్లో వారి వాటాలు 383.60, 339.70, 276.70. నియమం ప్రకారం సవరిస్తే 384, 340, 277. కూడితే 1001. లేని రూపాయి ఎక్కడి నుంచి తేవాలి? ఇలాంటి చోట ముందు అందరి పైసలూ తీసేయాలి: 383, 339, 276, మొత్తం 998. మిగిలిన రెండు రూపాయలను ఎవరి పైసల భాగం పెద్దదో వారికి ఒక్కొక్కటి చొప్పున ఇవ్వాలి. 70 పైసలున్న ఇద్దరికీ దక్కుతాయి. 60 పైసలున్నవారికి దక్కదు.

జాబితా గోడకు అంటించేటప్పుడు తీసేసిన పైసల కోసం విడిగా ఒక గడి పెట్టించాను. అనుకున్నట్టే మర్నాడు ఒకాయన వచ్చి, ‘సగం దాటితే పైకి పోవాలని మీరే చెప్పారు కదండీ, నావి అరవై పైసలు, నన్నెందుకు కిందికి దించారు’ అని అడిగారు. ఉన్న సొమ్ము ఇంతేనని, వరుసలో తన పైనున్నవారి పైసలు తనకంటే ఎక్కువని ఆ గడిలోనే చూపించాను. ఆయన వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివి, తన పేరు దగ్గర ఆగి, బియ్యం కొట్టుకు వెళ్లాలంటూ బయల్దేరారు. తొమ్మిది లీటర్ల ఇంటివారు మాత్రం లీటర్ల ప్రకారం పంచాల్సిందేనని మరో అర్జీ ఇచ్చారు. అది వచ్చే సమావేశం ఎజెండాలో ఉంది.